మాట పడిపోయింది, పాట మాత్రం వస్తోంది: బాపు నటిస్తున్నాడని అంటున్నారు

పరకాల_పెద్దకొడుకు
మా బాపుకు దసరా ముందు పెరాలసిస్ వచ్చింది. మెదడు ఎడమ వైపు రక్తం అందలేదని స్కాన్‌లో తేలింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పూర్తిగా పడిపోయింది. ఏం అడిగినా "ఆ... అదే... అదే" తప్ప ఇంకోటి రాదు. మనం చెప్పేది మాత్రం బాగానే అర్థమవుతోంది. కళ్లద్దాలు ఇవ్వమంటే ఎడమ చేత్తో తీసి ఇస్తాడు, టీవీ సౌండ్ తగ్గించమంటే తగ్గిస్తాడు.

ఊరి భజన మండలిలో బుద్ధి తెలిసినప్పటి నుంచి హార్మోనియం ఆయనదే. మొన్న శనివారం మండలి వాళ్లు చూడటానికి వచ్చి, మంచం పక్కన కూర్చుని ఒక భజన ఎత్తుకున్నారు. రెండో చరణంలో బాపు అందుకున్నాడు. రాగం ఒక్కటే కాదు, మాటలతో సహా! అందులో "నీళ్లు" అనే మాట వస్తుంది, అది కూడా స్పష్టంగా పలికాడు. అమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. పాట అయిపోగానే నేను గ్లాసు చూపించి "ఇదేంది బాపూ, ఒక్కసారి చెప్పు" అన్నాను. పెదవులు కదిలాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి, వచ్చింది మాత్రం "అదే... అదే". కళ్లల్లో నీళ్లు తిరిగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అప్పటి నుంచి చిన్నాయనది ఒకటే పాట. "పాడెటోనికి మాట్లాడరాదా? మీరే గారాబం చేస్తున్నరు. నోరు తెరిచి అడిగేదాక నీళ్లు ఇయ్యకుండ్రి, అదే వస్తది." ఇంట్లో రోజూ పంచాయితీ. అమ్మకు టెన్షన్‌తో నిద్ర లేదు. పాడగలిగిన మనిషి మాట్లాడలేకపోవడం నిజంగా ఉంటుందా? ఎవరింట్లోనైనా చూశారా?

కాజీపేట_జంక్షన్
ముందు ఆ నీళ్లు ఆపే మాట ఆపించండి. స్ట్రోక్ వచ్చిన మనిషికి ఒంట్లో నీరు తగ్గితే అసలుకే మోసం. మిగతాది తెలిసినవాళ్లు చెప్తారు.

స్పీచ్_థెరపీ_హన్మకొండ
నటన కాదు. నూటికి నూరు పాళ్లు కాదు. మీ చిన్నాయనకు ఈ పోస్టు చదివి వినిపించండి.

మీ బాపుకు వచ్చినదాన్ని అఫేషియా అంటారు. నాలుక, గొంతు బాగానే ఉంటాయి. మాటను వెతికి, కూర్చి, నోటికి అందించే చోటు మెదడులో దెబ్బతింటుంది. చాలామందిలో ఆ చోటు ఎడమ వైపు ముందు భాగంలో ఉంటుంది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప ఏమీ పలకలేని రోగి చనిపోయాక మెదడు పరీక్షించి దెబ్బ ఎక్కడుందో చూపించాడు. ఆ రోగికి "టాన్" ఎలాగో, మీ బాపుకు "అదే" అలాగ. ఈ రకం వాళ్లు చాలామంది ఒకటి రెండు మాటల దగ్గరే చిక్కుకుపోతారు.

పాట వచ్చి మాట రాకపోవడం కూడా కొత్త సంగతి కాదు. 1745లోనే స్వీడన్‌లో ఇలాంటి మనిషి గురించి రాసిపెట్టారు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది, కానీ జబ్బుకు ముందు నేర్చుకున్న చర్చి కీర్తనలు మాటలతో సహా పాడేవాడు. మన భజనలకు, వాళ్ల కీర్తనలకు తేడా ఏముంది?

మరి "నీళ్లు" ఎందుకు రాలేదంటే, ఏళ్ల తరబడి పాడిన పాట మెదడులో పూసల దండలాగా ఉంటుంది. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం వస్తుంది. అందులోంచి ఒక్క పూసను విడిగా తీసి ఇమ్మంటే రాదు. గ్లాసు చూసి "నీళ్లు" అనడమంటే ఆ మాటను అప్పటికప్పుడు వెతికి పట్టుకోవడం. అది వేరే పని, ఆ పని చేసే చోటే దెబ్బతింది. ఆయన గోడ వైపు తిరిగింది బాధతో, మొండితనంతో కాదు.

భీమారం_బావ
మా తాతకు స్ట్రోక్ తర్వాత పేర్లు రావు, మాట రాదు. తిట్లు మాత్రం ఒక్కటి కూడా పోలేదు! ఎదురింటాయన పలకరించడానికి వచ్చి రెండు తిని పోయాడు.

స్పీచ్_థెరపీ_హన్మకొండ
@భీమారం_బావ నవ్వు వచ్చినా అది కూడా ఇదే సంగతి. తిట్లు, దండకాలు, ఒకటి రెండు మూడు లెక్కపెట్టడం, ఆదివారం సోమవారం అనుకుంటూ పోవడం, ఇవన్నీ అలవాటుగా దొర్లే మాటలు. మాట పోయినవాళ్లలో ఇవి మిగిలే అవకాశం ఎక్కువ. ఎదురింటాయనకు చెప్పండి, తాత కోపంతో అన్నది కాదని.

కరీంనగర్_పోరడు
సింపుల్ కదా అన్నా. ఎడమ మెదడు మాటకు, కుడి మెదడు పాటకు. ఎడమ పోయింది కాబట్టి పాట మిగిలింది.

హార్మోనియం_పెట్టె
@కరీంనగర్_పోరడు అంత సింపుల్ కాదు తమ్మీ. ఆ మాట వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది గానీ సగమే నిజం. శ్రుతి, రాగం పట్టుకోవడంలో కుడి వైపుది పెద్ద పాత్ర, ఒప్పుకుంటాను. కానీ సంగీతం అంతా ఒక్క గదిలో లేదు. తాళానికి వేరే చోట్లు, చేతి వేళ్లకు వేరే చోట్లు, స్వరం చూసి చదవడానికి వేరే చోటు, విని ఆనందపడటానికి ఇంకో చోటు.

ఇద్దరు సంగీతకారుల కథ చూడు. రష్యాలో షెబాలిన్ అనే ఆయనకు 1953లో ఒకసారి, 1959లో రెండోసారి ఎడమ వైపు స్ట్రోక్ వచ్చింది. మాట్లాడటం, ఇతరుల మాట అర్థం చేసుకోవడం బాగా దెబ్బతిన్నాయి. అయినా సంగీతం రాయడం ఆపలేదు, 1962లో తన ఐదో సింఫొనీ పూర్తి చేశాడు. లూరియా అనే పేరున్న న్యూరో సైకాలజిస్టు ఆయన మీద వ్యాసమే రాశాడు. ఫ్రాన్స్‌లో రావెల్‌ది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. మెదడు జబ్బు నెమ్మదిగా ముదిరింది. తలలో సంగీతం వినిపిస్తూనే ఉండేది, తప్పు వాయిస్తే పట్టుకునేవాడు, కానీ కాగితం మీద పెట్టలేకపోయాడు. సంతకం చేయడమే కష్టమయ్యేది. 1937లో మెదడుకు ఆపరేషన్ చేశారు, కొన్ని రోజులకే చనిపోయాడు. నీ లెక్క నిజమైతే ఇద్దరి కథా ఒకేలా ఉండాలి కదా?

నేను సంగీతం నేర్పుతూ బతికేవాణ్ణి, రావెల్ సంగతి చదివినప్పుడు తిండి సయించలేదు. వినిపించేది బయటికి రాకపోవడం కన్నా పెద్ద శిక్ష ఉంటుందా?

కరీంనగర్_పోరడు
ఒప్పుకుంటున్నా సార్. కానీ ఈ థ్రెడ్‌లో ఉన్న బాపు విషయంలో కుడి వైపు పని చేస్తోందనేది నిజమే కదా?

హార్మోనియం_పెట్టె
అది నిజమే.

మట్టెవాడ_అక్క
కుడి వైపు దెబ్బతింటే ఎట్లా ఉంటుందో మా ఇంట్లో చూశాం. మా పెద్దత్తమ్మ వాడకట్టు మొత్తానికి బతుకమ్మ పాటలు ఎత్తేది. ఆమె ఎత్తితే వెనక ఇరవై గొంతులు "ఉయ్యాలో" అని అందుకునేవి. నిరుడు ఆమెకు ఎడమ చెయ్యి పడిపోయింది, అంటే దెబ్బ కుడి మెదడులో. మాట చెక్కుచెదరలేదు. చుట్టాల పేర్లు, అప్పుల లెక్కలు, పాటల్లో ఒక్కొక్క చరణం, అన్నీ గుర్తున్నాయి. కానీ పాట ఎత్తితే రాగం లేదు. చదివినట్టు ఒకే గొంతులో పోతుంది. ఎక్కడ పైకి పోవాలో, ఎక్కడ దించాలో తెలియడం లేదు.

అన్నిటికన్నా బాధ ఏమిటంటే, ఆమెకు అది వినిపించడం లేదు. బాగానే పాడుతున్నా అనుకుంటుంది. సద్దుల బతుకమ్మ నాడు ఎప్పటిలాగే ముందు నిలబడి ఎత్తింది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. మా తోటికోడలు వెంటనే పక్కకు చేరి గట్టిగా రాగం అందుకుంది, ఆడవాళ్లంతా ఆ గొంతు పట్టుకున్నారు. ఆమె మాటలు, ఈమె రాగం. ఆ రోజు అట్లా దాటింది. ఆమెకు చెప్పాలా వద్దా అనేది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

స్పీచ్_థెరపీ_హన్మకొండ
@మట్టెవాడ_అక్క దీన్ని అమ్యూజియా అంటారు. స్ట్రోక్ వచ్చిన మొదటి వారాల్లో చాలామందిలో ఉంటుంది, కానీ ఎవరూ పరీక్ష చేయరు, రోగి కూడా చెప్పడు. కొందరిలో నెలలు గడిచేకొద్దీ కొంత తగ్గుతుంది. మీ తోటికోడలు చేసిన పని మా థెరపీ కన్నా తక్కువేం కాదు.

ఐనవోలు_పట్నం
అక్కా, చెప్పొద్దు. ఏం లాభం? పండుగ నాడు ముందు నిలబడే గౌరవం ఉండనీయండి.

మట్టెవాడ_అక్క
నా మనసులో కూడా అదే ఉంది. మా ఆయన మాత్రం "రేపు ఎవరో బయటివాళ్లు నవ్వితే అంతకన్నా బాధ" అంటాడు. ఆ మాటలోనూ న్యాయం ఉంది.

డప్పు_దరువు
మా మేనమామ బండి మీద నుంచి పడి తల వెనక దెబ్బ తగిలింది. చిన్న మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. మాట ఉంది, పాట ఉంది, రాగం ఉంది. చేతుల్లో బలం కూడా ఉంది, బస్తా లేపుతాడు. కానీ డప్పు పట్టుకుంటే రెండు పుల్లల్లో సిర్ర ఒక క్షణం ముందు, సిటికెన పుల్ల ఒక క్షణం వెనక. దరువు మొదలైన కాసేపటికే పరుగెత్తుతుంది, లేదంటే కుంటుతుంది. పక్కవాడు తప్పు కొడితే మాత్రం వెంటనే పట్టుకుని అరుస్తాడు. తెలుస్తుంది, చేతికి రాదు. మేళంలో పిలవడం మానేశారు. ఇంటికి కూలి రావడం ఆగింది, అది ఇంకో కథ.

హార్మోనియం_పెట్టె చెప్పినట్టు అంతా ఒక్క గదిలో లేదనేది నాకు ఇప్పుడు అర్థమైంది. మా మామకు వేరే గది తలుపు మూసుకుంది.

హార్మోనియం_పెట్టె
@డప్పు_దరువు చిన్న మెదడు పనే అది, కదలికకు టైమింగ్ చూసుకోవడం. ఆయన చెవి అంత బాగుంటే కుర్రాళ్లకు నేర్పమనండి. కొట్టి చూపించకపోయినా నోటితో దరువు పలికి, తప్పులు పట్టి దిద్దే గురువు ఎక్కడ దొరుకుతాడు? మేళం వాళ్లతో ఒకసారి మాట్లాడి చూడండి.

డప్పు_దరువు
ఈ ఆలోచన మాకు రాలేదు సార్. అడిగి చూస్తాను.

సుబేదారి_సందీప్
మెదడుకు దెబ్బ తగిలితే కొందరికి కొత్తగా సంగీతం వస్తుందంట కదా? అమెరికాలో ఒక డాక్టర్‌కు పిడుగు పడ్డాక పియానో వచ్చేసిందని వీడియో చూశా. బాపు కూడా గొప్ప గాయకుడు అవుతాడేమో!

నర్సమ్మ_ఎంజీఎం_రోడ్
@సుబేదారి_సందీప్ తమ్ముడూ, ఆ డాక్టరు ఎముకల సర్జన్, పిడుగు 1994లో పడింది. ఆలివర్ శాక్స్ అనే న్యూరాలజీ డాక్టరు ఆయన గురించి రాశారు. వచ్చింది సంగీతం మీద విపరీతమైన మోజు. వాయించడం మాత్రం టీచర్‌ను పెట్టుకుని, తెల్లవారుజామున లేచి కూర్చుని నేర్చుకున్నాడు. వీడియోల వాళ్లు ఆ కష్టం ముక్క కోసేస్తారు. అలాంటివాళ్లు ప్రపంచం మొత్తంలో చాలా అరుదు. వార్డులో నేను చూసేవాళ్లంతా ఉన్నది పోగొట్టుకున్నవాళ్లే. ఆశ పెట్టండి, కానీ ఇంట్లో ఆడవాళ్లు నమ్మి కూర్చునే ఆశ పెట్టకండి.

అందరికీ ఇంకో మాట. మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా అదే నిమిషం 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా పనికొచ్చేది ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే. పసరు మందు పోయించి, తాయెత్తు కట్టించి, తెల్లారి తీసుకొస్తారు. అప్పటికి మా చేతుల్లో ఏమీ ఉండదు. పక్షవాతం మనిషి నోట్లో పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది.

పరకాల_పెద్దకొడుకు
అందరి పోస్టులు చదివి వినిపించాను. చిన్నాయన ఏమీ అనలేదు గానీ సాయంత్రం తనే నీళ్లు తెచ్చి ఇచ్చాడు. స్వీడన్ కీర్తనల ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇప్పుడు నా ప్రశ్న. పాట వస్తోంది కాబట్టి రోజూ భజనలు పాడిస్తే మాట తిరిగి వస్తుందా? మండలి వాళ్లు రోజూ వస్తామంటున్నారు.

కరీంనగర్_పోరడు
కచ్చితంగా వస్తుంది అన్నా. అమెరికాలో ఎంపీ లాంటి ఆమెకు 2011లో తలకు తూటా తగిలింది, గిఫర్డ్స్ అని. పాటలతోనే మాట్లాడించారు.

స్పీచ్_థెరపీ_హన్మకొండ
@కరీంనగర్_పోరడు "కచ్చితంగా" వద్దు. ఆమెకు సంగీతం సాయపడింది నిజమే, దానితోపాటు ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ కూడా నడిచింది.

@పరకాల_పెద్దకొడుకు ఇది జాగ్రత్తగా చదవండి. వచ్చిన భజన మళ్లీ మళ్లీ పాడితే ఆ భజనే ఇంకా బాగా వస్తుంది. మనసుకు మంచిది, ఊపిరికి మంచిది. కానీ దానంతట అది రోజువారీ మాటగా మారదు. మాటగా మార్చడానికి 1970ల్లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్లు ఒక పద్ధతి తయారు చేశారు. ఇంట్లో అవసరమయ్యే చిన్న మాటలను రెండే స్వరాల మీద, ఒకటి కింద, ఒకటి పైన, సాగదీసి పలికిస్తారు. ఒక్కో అక్షరానికి రోగి ఎడమ చేతిని మెల్లగా బల్ల మీద తడతారు. ముందు థెరపిస్టు హమ్ చేస్తారు, తర్వాత ఇద్దరూ కలిసి అంటారు, మధ్యలో థెరపిస్టు గొంతు తగ్గించేస్తారు, చివరికి ప్రశ్న అడిగితే రోగి జవాబుగా అదే మాట అనాలి. ఆ తర్వాత రాగం కొంచెం కొంచెంగా తీసేసి మామూలు మాటకు తెస్తారు. "నీ-ళ్లు-కా-వా-లె" ఇట్లా మొదలుపెట్టొచ్చు.

ఎవరికి పనికొస్తుంది? దెబ్బ ఎడమ వైపే ఉండాలి, మాట కష్టంగా రావాలి, వినేది బాగా అర్థం కావాలి. మీరు రాసినదాన్ని బట్టి బాపు దీనికి సరిపోతారని అనిపిస్తోంది. కానీ మనిషిని చూడకుండా నేను తేల్చకూడదు. థెరపిస్టు దగ్గర మొదలుపెట్టి, నేర్చుకుని ఇంట్లో చేయండి. అందరికీ ఒకేలా ఫలితం రాదు.

హార్మోనియం_పెట్టె
ఇక్కడ నేను ఒకటి అడ్డం పడతాను. 2011లో జర్మనీలో పరిశోధకులు చేసిన పరీక్షలో సాయపడింది రాగం కాదు, తాళం అని తేలింది. లయతో పలికిస్తే పాడినంత మేలు కనిపించింది. పైగా పాత పరిచయమున్న మాటలు సులువుగా వచ్చాయి. కాబట్టి రెండు స్వరాల గురించి టెన్షన్ పడకుండా చేత్తో తాళం వేస్తూ పలికించినా చాలనేది నా అభిప్రాయం.

స్పీచ్_థెరపీ_హన్మకొండ
ఆ పరిశోధన నాకు తెలుసు సార్, దాని మీద మాలో వాదన ఇంకా నడుస్తోంది. తాళం ముఖ్యమని నేనూ అంటాను. కానీ జీవితమంతా రాగంలో బతికిన మనిషి దగ్గర రాగాన్ని పక్కన పెట్టమనను. ఆయనకు పలకాలనే ఇష్టం అక్కడి నుంచే పుడుతోంది. ఇష్టం లేని రోగితో పది అక్షరాలు కూడా పలికించలేం.

హార్మోనియం_పెట్టె
ఆ మాటకు ఎదురు చెప్పను.

జనగామ_టీచరమ్మ
పాడటం సంగతి సరే, ఊరికే వినడం వల్ల కూడా లాభం ఉందని చదివాను. 2008లో ఫిన్లాండ్‌లో స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరికి వాళ్లకు నచ్చిన పాటలు రోజుకు కనీసం గంట చొప్పున రెండు నెలలు వినిపించారు, కొందరికి కథల రికార్డులు, కొందరికి ఏమీ లేదు. పాటలు విన్నవాళ్లలో జ్ఞాపకం, ఏకాగ్రత ఎక్కువ మెరుగుపడ్డాయి, దిగులు తక్కువగా ఉంది. ఇంట్లో పొద్దంతా టీవీ సీరియల్ మోగే బదులు బాపుకు ఇష్టమైనవి పెట్టండి. "నచ్చిన" అనేది గుర్తుపెట్టుకోండి, మనకు నచ్చినవి కాదు.

నక్కలగుట్ట_నివాసి
అడగాలా వద్దా అని ఆగాను. మా ఆయనకు స్ట్రోక్ తర్వాత పాటంటే ఏ ఫీలింగూ లేదు. గుర్తుపడతాడు, పేరు చెప్తాడు, తాళం కూడా వేస్తాడు. "బాగుంది అనిపించట్లేదు, చప్పుడులాగా ఉంది" అంటాడు. ఒకప్పుడు రేడియో లేకుండా గడ్డం కూడా గీసుకునేవాడు కాదు. ఇది కూడా మెదడేనా, మనసు బాగాలేకనా?

స్పీచ్_థెరపీ_హన్మకొండ
@నక్కలగుట్ట_నివాసి రెండూ కావచ్చు అక్కా. మిగతా వాటి మీద, తిండి, మనవలు, ముచ్చట్లు, ఇష్టం ఉందా? ఉంటే పాటలో ఆనందం ఒక్కటే పోయి ఉండొచ్చు, అలాంటివాళ్లు ఉన్నారు. అన్నిటి మీదా పోతే అది స్ట్రోక్ తర్వాత వచ్చే డిప్రెషన్, దానికి మందులున్నాయి, డాక్టర్‌కు చెప్పాలి.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. కెనడాలో ఇసబెల్ పెరెట్జ్ అనే శాస్త్రవేత్త పరీక్షించిన ఒకామెకు రెండు వైపులా దెబ్బతిని, చిన్నప్పటి నుంచి తెలిసిన పాటలు కూడా గుర్తుపట్టలేకపోయేది. ఏది శ్రుతిలో ఉంది, ఏది లేదు, తెలియదు. కానీ ఆ పాట సంతోషంగా ఉందా, దిగులుగా ఉందా అంటే సరిగ్గా చెప్పేది, వినడం ఇష్టమనేది. గుర్తుపట్టే దారి వేరు, కదిలించే దారి వేరు.

నక్కలగుట్ట_నివాసి
మనవడితో ఆడుకుంటాడు, చేపల పులుసంటే ప్రాణం. పాట ఒక్కటే. అయినా వచ్చే చెకప్‌లో అడుగుతాను. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసినందుకే గుండె కొంచెం తేలికయ్యింది.

ములుగు_మాస్టారు
ప్రభుత్వ పని ఒకటి ఎవరూ చెప్పలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. అఫేషియా వల్ల శాశ్వతంగా మాట పోతే అది కూడా అందులోకే వస్తుంది. చాలామంది కాలు చెయ్యి మాత్రమే చూపించి వస్తారు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు పోయినప్పుడు మాట సంగతి కూడా విడిగా రాయించండి, స్పీచ్ థెరపిస్టు రిపోర్టు వెంట ఉంచుకోండి.

డప్పు_దరువు
మా మామకు దరువు పోయింది. అది ఏ కాలమ్‌లో రాస్తారు మాస్టారూ?

ములుగు_మాస్టారు
దానికి కాలమ్ లేదు నాయనా. ఆయన బతుకుదెరువు పోయిందని మనకు తెలుసు, ఫారానికి తెలియదు. చేతి కదలిక లోపం కింద న్యూరాలజీ రిపోర్టుతో ప్రయత్నించండి, ఊరికే వదలొద్దు.

పరకాల_పెద్దకొడుకు
థెరపిస్టు దగ్గరికి పోయి వచ్చాం. ఇక్కడ చెప్పిన పద్ధతే, అమ్మకు కూడా నేర్పారు. చిన్నాయన కూడా వచ్చాడు. మొదట మూడు మాటలే పెట్టుకోమన్నారు: నీళ్లు, నొప్పి, వద్దు.

ఇంకో సంగతి. హార్మోనియం ముందు పెట్టాం. బాపుకు మెట్ల (కీల) మీద నడిచేది కుడి చెయ్యి, గాలి తిత్తి కొట్టేది ఎడమ చెయ్యి. కుడి రాదు కదా. మా చిన్నది పోయి తిత్తి పట్టుకుంది, బాపు ఎడమ చేతి వేళ్లు మెట్ల మీద పెట్టాడు. వేలు తప్పితే తనే ముఖం చిట్లించి వెనక్కి వచ్చి సరిచేసుకుంటున్నాడు. ఎడమ చేత్తో ఇట్లా వాయించనివ్వొచ్చా, లేక కుడి చేతికి చేసే వ్యాయామం మందగిస్తుందా?

నర్సమ్మ_ఎంజీఎం_రోడ్
వాయించనివ్వండి. కానీ ఫిజియో చెప్పిన కుడి చేతి వ్యాయామం ఒక్క పూట కూడా తప్పొద్దు. కుడి చెయ్యి కింద దిండు పెట్టండి, వేలాడనివ్వొద్దు, భుజం జారుతుంది. బాగుంది కదా అని బీపీ మాత్రలు ఆపొద్దు.

హార్మోనియం_పెట్టె
పాపకు తిత్తి నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో కొట్టడం నేర్పండి, గాలి ఎగుడుదిగుడైతే బాపుకు చిరాకు వస్తుంది. మెట్ల మీద సా ఎక్కడుందో చిన్న స్టిక్కర్ అంటించండి. ఎడమ చేతికి వేళ్ల వరుస తిరగబడుతుంది కాబట్టి మొదట సరళీ వరుసలు, భజన తర్వాత. మీది పరకాల అంటున్నారు, నేను ఆదివారాలు ఆ వైపు వస్తుంటాను. కావాలంటే మెసేజ్ పెట్టండి.

పరకాల_పెద్దకొడుకు
మెసేజ్ పెట్టాను సార్.

మట్టెవాడ_అక్క
స్పీచ్ థెరపీ మేడమ్, మా అత్తమ్మలాంటి వాళ్లకు రాగం మళ్లీ నేర్పే పద్ధతి ఏమైనా ఉందా? ఉంటే వచ్చే బతుకమ్మకు ఇంకా టైం ఉంది.

స్పీచ్_థెరపీ_హన్మకొండ
@మట్టెవాడ_అక్క మాటకున్నట్టు స్థిరపడిన పద్ధతి దీనికి లేదు. ఆమెకు బాగా తెలిసిన ఒక్క పాట తీసుకుని, మీ తోటికోడలు పక్కన కూర్చుని ఒక్కో లైను పాడాలి. గొంతు పైకి పోయినప్పుడు ఆమె చెయ్యి పైకి ఎత్తించండి, దిగినప్పుడు దించించండి. రికార్డు చేసి వారం వారం పోల్చండి. మార్పు వస్తే ఇక్కడ రాయండి, రాకపోయినా రాయండి.

మట్టెవాడ_అక్క
రేపటి నుంచే మొదలుపెడతాం. ఇద్దరు ఒకచోట కూర్చుంటే పాట కన్నా ముచ్చట్లే ఎక్కువ నడుస్తాయి, అదొక్కటే భయం.

భీమారం_బావ
ముచ్చట్లు కూడా రికార్డు చేయండి అక్కా, అవీ థెరపీయే.